కనుమ రోజు అమ్మ ఇంట్లో దొంగతనం - ఇప్పుడేం చెయ్యాలి?

లంకబ్బాయి | జనవరి 18, ఉదయం 6:50

అందరికీ నమస్కారం అండి. ఎప్పుడూ చదివి వెళ్ళిపోయేవాణ్ణే, రాయడం ఇదే మొదలు.

కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి ఇంటిల్లిపాదీ వెళ్ళాం. మోకాళ్ళ నొప్పి, నేను రానని అమ్మ అంది. పిల్లలు వినకుండా కార్లో కూర్చోబెట్టేశారు. మధ్యాహ్నం మూడింటికి బయల్దేరి, ఆ ట్రాఫిక్‌లో పడి రాత్రి ఎనిమిదిన్నరకి ఇల్లు చేరాం. వీధి తలుపు తాళం వేసింది వేసినట్టే ఉంది. పెరటి తలుపు గడియ మాత్రం ఊడబెరికేశారు.

బీరువా పగలగొట్టలేదు, తాళంతోనే తీశారు. ఆ తాళం బియ్యం డబ్బాలో ఉంటుంది. అమ్మ నానుతాడు, ఆరు గాజులు, మా ఆవిడ చంద్రహారం, పాప గొలుసు, మొత్తం పద్నాలుగు కాసులు పోయాయి. అరవై వేల దాకా డబ్బు కూడా. వెండి కంచాలు ముట్టుకోలేదు.

ఆ రాత్రే స్టేషన్‌కి వెళ్ళాం. కాగితం మీద రాయించుకున్నారు. మర్నాడు క్లూస్ టీమ్ వచ్చి పొడి చల్లి వేలిముద్రలు తీసుకెళ్ళింది. ఎఫ్ఐఆర్ కాపీ అడిగితే పండగ బందోబస్తులో ఉన్నాం, నాలుగు రోజులాగి రండి అన్నారు. నా సెలవు 20తో అయిపోతుంది, హైదరాబాద్ వెళ్ళిపోవాలి. ఆగాలా, గట్టిగా అడగాలా?

ఇంకో సంగతి. బియ్యం డబ్బాలో తాళం ఉంటుందని అమ్మకీ, మా ఆవిడకీ, పదహారేళ్ళుగా మా ఇంట్లో పనిచేస్తున్నావిడకీ తప్ప ఎవరికీ తెలీదు. ఆవిణ్ణి నేను అనుమానించట్లేదు. స్టేషన్లో ఎవరెవరికి తెలుసని అడిగారు. చెప్పాను.

---

పొట్టిక్కలు | జనవరి 18, ఉదయం 7:35

అయ్యో బాబోయ్. అమ్మగారు ఎలా ఉన్నారండి? బీపీ అదీ చూసుకోండి ముందు.

పండగ నాలుగు రోజులూ ఊరంతా బరుల దగ్గరే. పందేలు, గుండాట, కనుమ నాడు ప్రభలు. ఇళ్ళల్లో మనిషుండడు. దొంగలకి ఇంతకన్నా ఏం కావాలి. మా వాట్సాప్ గ్రూపులో పది రోజుల నుంచీ చెడ్డీ గ్యాంగ్ దిగిందని చెప్తూనే ఉన్నారు. దుప్పట్లు అమ్ముకునేవాళ్ళ వేషంలో పగలు ఇళ్ళు చూసుకెళ్తున్నారంట. మా వీధిలో తిరిగిన ఒకడి ఫొటో కింద పెడుతున్నాను, మీ ఊళ్ళో ఎవరైనా చూశారేమో అడగండి.

[ఫొటో నిర్వాహకులు తీసేశారు]

---

నిర్వాహకుడు | జనవరి 18, ఉదయం 7:50

ఫొటో తీసేశాను. దుప్పట్లు అమ్ముతున్నాడు అన్నది తప్ప ఆ మనిషి మీద ఎవరి దగ్గరా ఏమీ లేదు. అనుమానం ఉంటే 112కి ఫోన్ చెయ్యండి, లేదా స్టేషన్లో ఇవ్వండి. ఇక్కడ పెడితే అది సాయంత్రానికి నలభై గ్రూపుల్లో తిరుగుతుంది.

---

పాత హెడ్డు | జనవరి 18, ఉదయం 10:12

తమ్ముడూ, ముప్ఫై మూడేళ్ళు డిపార్టుమెంటులో చేసి రిటైరయ్యాను. అందులో తొమ్మిదేళ్ళు క్రైమ్ పార్టీలోనే. నాకు తెలిసింది చెప్తాను.

ముందు ఆ బియ్యం డబ్బా సంగతి. మీ ఇంట్లో ముగ్గురికే తెలుసనుకుంటున్నారు. మన వైపు బీరువా తాళం ఎక్కడుంటుందో ఏ దొంగనడిగినా నిద్రలో చెప్తాడు. బియ్యం డబ్బా, పరుపు కింద, దేవుడి పటం వెనక, పోపుల పెట్టె, బీరువా మీద అట్టపెట్టె. ఈ ఐదూ వెతికాకే గడ్డపలుగు తీస్తాడు. బీరువా పగిలితే చప్పుడవుతుంది కదా, వాడికి మాత్రం ఏం సరదా? నేను పట్టుకున్నవాడొకడు చెప్పాడు: "సార్, ముందు బియ్యంలో చెయ్యి పెడతాను, ఉంటే ఐదు నిమిషాల పని." కాబట్టి తాళంతో తీశాడు గనక ఇంటి మనిషేనని మాత్రం అనుకోకండి. స్టేషన్లో వాళ్ళూ మొదట అదే అనుకుంటారు. చేతికి అందే మనిషి ఆవిడే కాబట్టి ఆవిణ్ణే పిలుస్తారు. నేనూ అలా పిలిచినవాణ్ణే.

వెండి వదిలేశాడంటే బండి మీద వచ్చినవాడు. బరువు మోసుకోలేడు, జేబులో పట్టేదే తీశాడు. పెరటి తలుపు ఎంచుకున్నాడంటే ముందే ఒకసారి చుట్టూ తిరిగి చూశాడు. మన పెరళ్ళు కొబ్బరితోటల్లోకి తెరుచుకుంటాయి, అటు నుంచి ఎవడొచ్చినా వీధిలో వాళ్ళకి కనపడదు. వీధి తలుపుకి మూడు తాళాలేసి పెరటి తలుపుకి మా తాత నాటి చెక్క గడియ ఒక్కటి వదిలేస్తాం. ఆ గడియకి మేకులు అంగుళంన్నర ఉంటే గొప్ప.

ఈ రోజే చెయ్యాల్సిన పనేంటంటే, పెళ్ళి ఆల్బం తియ్యండి. అమ్మగారి మెళ్ళో నానుతాడు, చేతులకి గాజులు బాగా కనపడే ఫొటోలు నాలుగు పట్టుకెళ్ళి స్టేషన్లో ఇవ్వండి. రసీదులుంటే మంచిదే, మన అమ్మల బంగారానికి రసీదులెక్కడివి? నగలు చేసిన కంసాలి పేరు గుర్తుంటే చెప్పండి. నానుతాడు కొక్కెం మార్పించారా, గాజు ఒకటి సొట్టపడిందా, ఇలాంటివే రేపు రికవరీ అయ్యాక "ఇది మాదే" అనడానికి పనికొస్తాయి. బరువు ఒక్కటీ చెప్తే చాలదు.

ఎఫ్ఐఆర్ మాత్రం గట్టిగానే అడగండి. గొడవ పెట్టుకోకండి, కానీ కదలకండి. కేసు కాగితాలు రాసే స్టేషన్ రైటర్ దగ్గరే కూర్చోండి.

---

ప్లీడరు గారబ్బాయి | జనవరి 18, ఉదయం 11:04

హెడ్డు గారు చెప్పింది అక్షరాలా నిజం. చట్టం సంగతి నేను కలుపుతాను.

కాగ్నిజబుల్ నేరమని, అంటే వారెంటు లేకుండానే పోలీసులు అరెస్టు చెయ్యగల నేరమని ఫిర్యాదులో కనపడితే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని సుప్రీంకోర్టు 2013లో లలితాకుమారి కేసులో చెప్పేసింది. 2024 జులై 1 నుంచి పోలీసులు, కోర్టులు నడుచుకోవాల్సిన పాత చట్టం సీఆర్‌పీసీ పోయి కొత్తది బీఎన్ఎస్ఎస్ వచ్చింది కదా, దాని 173వ సెక్షన్ ప్రకారం ఎఫ్ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకి ఉచితంగా, వెంటనే ఇవ్వాలి. పండగ బందోబస్తు అన్న మాట ఆ సెక్షన్లో ఎక్కడా లేదు. ఫిర్యాదు ఆన్‌లైన్లో కూడా పంపొచ్చు, మూడు రోజుల్లో వెళ్ళి సంతకం పెడితే సరి. స్టేషన్లో తీసుకోకపోతే అదే ఫిర్యాదు ఎస్పీ గారికి పోస్టులో పంపండి, అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి. చాలామంది తెలియక వదిలేసేది ఇంకొకటుంది. దర్యాప్తు ఎంతవరకొచ్చిందో 90 రోజుల్లోపు మీకు చెప్పాల్సిన బాధ్యత కూడా ఇప్పుడు పోలీసులదే, 193వ సెక్షన్.

ఫిర్యాదులో టైము సరిగ్గా రాశారో లేదో చూసుకోండి. మూడింటికి వెళ్ళాం, ఎనిమిదిన్నరకి వచ్చాం అనే రాయాలి. "రాత్రి దొంగతనం" అనో "పగలు" అనో మీరే తేల్చేయకండి. దొంగతనానికి ఇల్లు పగలగొట్టి చొరబడితే పగటి పూటకి పదేళ్ళ దాకా, సూర్యాస్తమయం తర్వాతైతే పద్నాలుగేళ్ళ దాకా శిక్ష ఉంది, నేరాలకి శిక్షలు చెప్పే కొత్త చట్టం బీఎన్ఎస్ 331వ సెక్షన్లో. ఎప్పుడు జరిగిందో తేల్చాల్సింది దర్యాప్తు అధికారి.

---

కువైట్ నుంచి | జనవరి 18, మధ్యాహ్నం 1:20

అన్నయ్యా, మా అత్తగారు మలికిపురం దగ్గర ఒక్కరే ఉంటారు. నేనూ మా ఆయనా ఇద్దరం ఇక్కడే. మా వీధిలో తొమ్మిదిళ్ళుంటే ఆరింట్లో ముసలాళ్ళే, పిల్లలంతా గల్ఫ్. బంగారం మాత్రం అక్కడే. ఎందుకంటే ఇక్కడ కష్టపడి కొన్నది అక్కడ నలుగురికీ కనపడాలి కదా. నవ్వొస్తుంది గానీ నిజం.

నేను కెమెరాలు పెట్టించాను. నాలుగు. మొదటి నెలంతా ఫోన్ మోగుతూనే ఉంది, ఉడత వచ్చినా, కొబ్బరి మట్ట ఊగినా. విసుగొచ్చి నోటిఫికేషన్ ఆపేశాను. ఇక కెమెరా ఉండీ ఏం లాభం చెప్పండి? తర్వాత కుర్రాడొచ్చి కోణం మార్చాడు. చెట్టు వైపు కాకుండా గుమ్మం మీదకి తిప్పాక రోజుకి మూడు నాలుగు సార్లే మోగుతోంది.

పోలీసులు తాళం వేసిన ఇళ్ళకి ఉచితంగా కెమెరా పెడతారంటగా, ఎల్‌హెచ్‌ఎంఎస్ అని? ఎవరైనా వాడారా?

---

రావులపాలెం కుర్రోడు | జనవరి 18, మధ్యాహ్నం 2:02

వాడానక్కా. లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్. యాప్‌లో పేరు నమోదు చేసుకుని ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఊళ్ళో ఉండం అని పెడితే వాళ్ళే వచ్చి ఇంట్లో కెమెరా బిగించి వెళ్తారు. లోపల మనిషి కదిలితే స్టేషన్‌కి తెలుస్తుంది. నేను తిరుపతి వెళ్ళినప్పుడు పెట్టారు, బానే ఉంది. పండక్కి అడిగితే మాత్రం మా స్టేషన్లో ఉన్న కెమెరాలన్నీ అప్పటికే ఎవరిళ్ళల్లోనో ఉన్నాయన్నారు. వారం ముందే అడగాలి. అయినా మీ అత్తగారికి పనికిరాదక్కా, ఇంట్లో ఎవరూ లేనప్పుడే అది.

సొంత కెమెరా పెట్టేవాళ్ళకి ఒక మాట. కెమెరా రికార్డింగు దాచే డీవీఆర్ డబ్బా టీవీ కింద పెట్టకండి. మా మావయ్య ఇంట్లో దొంగ బంగారంతో పాటు డీవీఆర్ కూడా పట్టుకుపోయాడు. వైర్లు మాత్రం నీట్‌గా చుట్టి పెట్టి వెళ్ళాడు, మంచోడు.

---

గోదారి పిల్ల | జనవరి 18, సాయంత్రం 5:45

ఇల్లు సరే, రోడ్డు మీద సంగతి ఎవరూ మాట్లాడరేం?

స్కూల్ నుంచి ఇంటికి కాలవ గట్టు రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లు స్కూటీ మీద వస్తాను. సంక్రాంతికి ముందు మా తోటి టీచరు ఒకావిడ నడుచుకుంటూ వస్తుంటే బండి మీద ఇద్దరు వచ్చి "అంబాజీపేట ఎటండీ" అని అడిగారు. చెయ్యెత్తి చూపించింది. అంతే, పుస్తెలతాడు పోయింది. గట్టు మీంచి జారి పడి మణికట్టు విరిగింది. ఇప్పటికీ కట్టుతోనే పాఠం చెప్తోంది, బోర్డు మీద పిల్లల చేత రాయిస్తోంది.

ఆవిడ బాధ బంగారం గురించి కాదు. ఇంట్లో అత్తగారు "పుస్తెలు పోవడం ఏం శకునమో" అంటోందట. దొంగ ఒక్కసారి లాగాడు, ఇంట్లో రోజూ లాగుతున్నారు.

ఆడవాళ్ళకి ఒకటే చెప్తాను. నడిచేటప్పుడు రోడ్డుకి కుడివైపు నడవండి, ఎదురొచ్చే బండి కనపడుతుంది. వెనక నుంచి వచ్చేవాడే లాగుతాడు. వచ్చే అంతర్వేది కల్యాణానికి వెళ్ళేవాళ్ళు మెళ్ళో పసుపుతాడుతో వెళ్ళండి, స్వామి ఏమీ అనుకోడు.

---

ప్లీడరు గారబ్బాయి | జనవరి 18, సాయంత్రం 6:10

అక్కా, ఎఫ్ఐఆర్‌లో ఏ సెక్షన్ వేశారో చూడమనండి. పాత ఐపీసీలో స్నాచింగ్‌కి విడిగా సెక్షన్ లేదు, మామూలు దొంగతనం కింద రాసేసేవారు. ఇప్పుడు బీఎన్ఎస్ 304 అని విడిగా ఉంది, మూడేళ్ళ దాకా. కానీ చెయ్యి విరిగింది కదా, అది వేరే లెక్క. దొంగతనం చేస్తూ గాయపరిస్తే అది దోపిడీ కిందకి పోతుంది, శిక్ష చాలా ఎక్కువ. ఆసుపత్రి కాగితాలు జాగ్రత్తగా ఉంచుకోమనండి.

---

పొట్టిక్కలు | జనవరి 18, రాత్రి 8:30

నా ఫొటో తీసేసినందుకు బాధేం లేదు గానీ ఒక్కటి అడుగుతాను. బయటవాళ్ళని అనుమానించకపోతే ఎవర్ని అనుమానించాలండీ? చెడ్డీ గ్యాంగ్ అబద్ధమా? 2021 డిసెంబరులో విజయవాడ, తాడేపల్లి వైపు అపార్ట్‌మెంట్లలో తిరిగింది సీసీ కెమెరాల్లో అందరం చూశాం. వాళ్ళు గుజరాత్ నుంచి వచ్చినవాళ్ళే కదా. మా నాన్నగారు చిన్నప్పుడు స్టూవర్టుపురం వాళ్ళ పేరు చెబితేనే రాత్రుళ్ళు కాపలా కాసేవారంట. ఊరికే పుట్టవు ఇవి.

---

పాత హెడ్డు | జనవరి 18, రాత్రి 9:25

బాబూ, గ్యాంగులు లేవని నేననలేదు. ఆ గుజరాత్ వాళ్ళని దాహోద్ వెళ్ళి మరీ పట్టుకొచ్చారు. ఎలా పట్టుకున్నారు? కెమెరా ఫుటేజీ, పాత కేసుల ఫైళ్ళు, వేలిముద్రలు చూసుకుని. దుప్పట్లు అమ్మేవాళ్ళని ఆపి కాదు.

స్టూవర్టుపురం మాట తీశారు కాబట్టి చెప్తాను. ట్రైనింగులో మాకూ ఆ ఊరి పేరు ముందు చెప్పేవారు. తర్వాత తెలిసింది, ఆ ఊరు పుట్టిందే ఆ ముద్రతో. తెల్లవాళ్ళు 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం అని ఒకటి తెచ్చారు. కొన్ని కులాల్లో పుడితే చాలు, దొంగ కిందే లెక్క. మనిషి ఊరు దాటాలంటే చీటీ, పూటపూటా హాజరు. సాల్వేషన్ ఆర్మీ వాళ్ళ చేతిలో పెట్టి బాపట్ల దగ్గర సెటిల్మెంటు కట్టారు, మద్రాసు సర్కారులో ఉన్న స్టూవర్టు దొర పేరు తగిలించారు. 1952లో చట్టం పోయింది. స్టేషన్ రికార్డుల్లో మాత్రం పోలేదు, నా సర్వీసులో నేను చూశాను. ఎక్కడ దొంగతనం జరిగినా ముందు అటు జీపు వెళ్ళేది. అసలువాడు ఈలోగా హాయిగా సరుకు అమ్ముకునేవాడు.

---

పాలమూరు పిల్లగాడు | జనవరి 18, రాత్రి 10:48

ఆంధ్రా అన్నలు ఏమనుకోవద్దు, మధ్యల వస్తున్న. మా దిక్కు 2018 మే నెల ఎట్లుండెనో యాదికి తెచ్చుకుంటే ఇప్పటికీ భయమైతది.

పార్థీ గ్యాంగ్ దిగింది, పిల్లలను ఎత్తుకపోతున్నరు, మెదడు తింటున్నరు అని వాట్సాప్‌ల వాయిస్ మెసేజులు. ఎండకాలం, ఇంటి ముందట మంచాలేసుకుని పండుకునేటోళ్ళం, ఆ నెల అందరు తలుపులు పెట్టుకుని లోపట్నే. రాత్రి పదకొండైతే పోరగాళ్ళు కట్టెలు పట్టుకుని ఊరి మొగలికి. నేను గూడ పోయిన. మా ఊరికి చుట్టమింటికొచ్చిన ఒకాయనను ఆపి గంట సేపు అడిగినం. భాష వేరే ఉండె, అంతే. మా సర్పంచ్ వచ్చి ఇడిపించిండు గానీ, రాకుంటే ఏమైతుండెనో.

అదే నెల మా మహబూబ్‌నగర్ దిక్కు నుంచి రంజాన్ నెలల అడుక్కోనీకె హైదరాబాద్ పోయిన ఒక ట్రాన్స్‌జెండర్‌ను చాంద్రాయణగుట్ట కాడ గుంపు కొట్టి చంపింది. పిల్లలను ఎత్తుకపోనీకె వచ్చినరని. గద్వాలల అప్పుడు రెమా రాజేశ్వరి మేడం ఎస్పీ. ఊరికో కానిస్టేబుల్‌ను పెట్టి, డప్పు కొట్టించి, పాటలు పాడించి ఇదంతా అబద్ధమని చెప్పిచ్చింది. జులైల వాట్సాప్ వాళ్ళు ఇండియాల ఒక మెసేజును ఐదు మందికే పంపేటట్లు కట్టడి పెట్టిన్రు.

పొట్టిక్కలు అన్నా, నీ ఫొటోల ఉన్నాయన దుప్పట్లే అమ్ముకోనీకె వచ్చి ఉండొచ్చు గద.

---

పొట్టిక్కలు | జనవరి 18, రాత్రి 11:15

సరే తమ్ముడూ. గ్రూపులోంచి కూడా తీసేస్తాను. ఎంతమందికి వెళ్ళిపోయిందో మరి.

---

డాలస్ బాబాయ్ | జనవరి 19, ఉదయం 8:05

ఇన్ని మాటలెందుకు, బంగారం లాకర్లో పెడితే పోయేదేముంది? అమెరికాలో ఎవరూ ఇంట్లో పెట్టుకోరు.

---

రావులపాలెం కుర్రోడు | జనవరి 19, ఉదయం 8:40

బాబాయ్, మా బ్యాంకులో లాకర్ కోసం మూడేళ్ళుగా పేరు రాసుంది. పండక్కి తెచ్చి పెట్టుకోకపోతే ఇక బంగారం ఎందుకంటుంది మా అమ్మ. పైగా లాకర్లో పెట్టిన బంగారానికి బ్యాంకు పూచీ ఎంతో తెలుసా? రిజర్వు బ్యాంకు 2022 జనవరి నుంచి పెట్టిన రూలు ప్రకారం దొంగతనమో, అగ్గి ప్రమాదమో, బ్యాంకు సిబ్బంది మోసమో జరిగితే ఏడాది అద్దెకి వంద రెట్ల దాకా. అద్దె రెండు వేలైతే రెండు లక్షలు. పద్నాలుగు కాసులకి అది ఏ మూలకి?

అయినా ఇంట్లో కన్నా నయమే, ఒప్పుకుంటాను.

---

కొబ్బరి తోట | జనవరి 19, ఉదయం 9:30

హాల్‌మార్క్ మీద హెచ్‌యూఐడీ నంబరు ఉంటుంది కదా, ఆరు అక్షరాలది. 2023 ఏప్రిల్ నుంచి అది లేకుండా కొత్త నగ అమ్మకూడదు. కొన్నప్పుడే ప్రతి నగ నంబరూ ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి, దొరికినప్పుడు మీదేనని చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం ఉండదు. అయితే దొంగ కరిగిస్తే నంబరూ కరిగిపోతుందనుకోండి.

ఇంకోటి, మా పక్కూరు రిటైర్డ్ మాస్టారికి తలుపు గడియ పగలకుండానే ఆరు లక్షలు పోయాయి. వీడియో కాల్‌లో పోలీసు యూనిఫాం వేసుకున్నవాడు "మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు" అని రెండు రోజులు గదిలోంచి కదలనివ్వలేదు. చట్టంలో అలాంటి అరెస్టే లేదు. డబ్బు పంపిన వెంటనే 1930కి ఫోన్ చేసుంటే ఆ ఖాతా ఆపించే వీలుండేది, పరువు పోతుందని వారం దాచారు.

---

లంకబ్బాయి | జనవరి 19, రాత్రి 9:15

అందరికీ థాంక్సండి. ఇవాళ ఉదయం పెళ్ళి ఆల్బం పట్టుకుని వెళ్ళి రైటర్ గారి దగ్గర కూర్చున్నాను. రెండు గంటలు. మధ్యలో టీ కూడా ఇచ్చారు. 173 సంగతి మర్యాదగానే అడిగాను. ఎఫ్ఐఆర్ కాపీ చేతికొచ్చింది. సెక్షన్లు 331, ఇంట్లో దొంగతనానికి 305. టైము నేను చెప్పినట్టే రాశారు.

అమ్మ గాజుల్లో ఒకదానికి లోపల వైపు సొట్ట ఉందట. నా చిన్నప్పుడు నూతి చప్టాకి కొట్టుకుందట. అడక్కపోతే నాకెప్పుడూ తెలిసేది కాదు.

రేపు బయల్దేరతాను. అమ్మని రమ్మంటే రానంటోంది.

---

లంకబ్బాయి | జనవరి 25, రాత్రి 11:40

చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను. మొన్న మా పనావిణ్ణి స్టేషన్‌కి పిలిపించారు. పొద్దున్న తొమ్మిదింటికి వెళ్తే సాయంత్రం ఆరింటికి పంపారు. కొట్టలేదు. బెంచీ మీద కూర్చోబెట్టి అదే ప్రశ్న మళ్ళీ మళ్ళీ. ఆవిడ కొడుకు ఆటో నడుపుతాడు, వాణ్ణి మర్నాడు పిలిచారు. ఊరంతా చూసింది.

ఆవిడ అమ్మకి ఫోన్ చేసి ఒకటే అందట: "అమ్మగారూ, మీరు కూడా అనుకున్నారా?" అమ్మ నాతో ఆ రోజు నుంచీ సరిగ్గా మాట్లాడట్లేదు. నేను పేరు చెప్పాను, అంతేనండి. అడిగితే చెప్పాను.

---

ప్లీడరు గారబ్బాయి | జనవరి 26, ఉదయం 7:20

అన్నయ్యా, మిమ్మల్ని అనట్లేదు. కానీ ఇది అందరూ తెలుసుకోవాలి. ఆడవాళ్ళని సాక్షిగా విచారించాలంటే వాళ్ళుండే చోటికే పోలీసులు వెళ్ళాలి, స్టేషన్‌కి రప్పించకూడదు. బీఎన్ఎస్ఎస్ 179. పదిహేనేళ్ళలోపు మగపిల్లలకీ, అరవై దాటినవాళ్ళకీ, దివ్యాంగులకీ, జబ్బుతో ఉన్నవాళ్ళకీ అదే వర్తిస్తుంది. ఆడవాళ్ళ సంగతి పాత సీఆర్‌పీసీ 160లో కూడా ఉన్నదే, కొత్తదేం కాదు. ఈసారి పిలిస్తే ఇంటికి రమ్మనండి అని చెప్పమనండి, నా నంబరు మెసేజ్ చేస్తాను, నేను మాట్లాడతాను. ఫీజు అదీ ఏం వద్దు.

---

పాత హెడ్డు | జనవరి 26, ఉదయం 8:55

నేను మొదటి రోజే అన్నాను, చేతికి అందే మనిషి అని.

లంకబ్బాయీ, నువ్వో పని చెయ్యి. ఎస్ఐకి నువ్వే ఫోన్ చేసి, ఆవిడ మీద మాకు ఏ అనుమానమూ లేదు అని చెప్పు. రాతపూర్వకంగా కూడా ఇవ్వు. ఫిర్యాదుదారుడు నోరు తెరిచి ఆ మాట అంటే మావాళ్ళు చాలావరకు అక్కడితో ఆగుతారు. నువ్వు ఊరుకుంటే "వాళ్ళకీ అనుమానమే" అనుకుంటారు. స్టేషన్లో మౌనానికి అర్థం అదే.

---

లంకబ్బాయి | జనవరి 26, మధ్యాహ్నం 12:30

చేశాను బాబాయ్. మెయిల్ కూడా పంపాను. "సరే సార్, రొటీన్ ఎంక్వైరీ" అన్నారు.

---

కువైట్ నుంచి | ఫిబ్రవరి 9, సాయంత్రం 4:10

అమ్మగారు ఎలా ఉన్నారు అన్నయ్యా? మా అత్తగారి పెరటి తలుపుకి ఇనప గ్రిల్లు పెట్టించాను, కప్ప గడియ తీయించి లోపల అడ్డ కమ్మీ వేయించాను. ఏడు వేలయింది. వీధి వైపు లైటు సెన్సార్‌ది. ఇవన్నీ చేశాక అత్తగారు ఏమన్నారో తెలుసా, "కోడలా, బీరువా తాళం ఎక్కడ పెట్టను?" అని. వాట్సాప్‌లో మాత్రం చెప్పకండి అన్నాను.

---

లంకబ్బాయి | మార్చి 14, రాత్రి 10:05

దొరికాడండి.

సీసీఎస్ (పోలీసుల సెంట్రల్ క్రైమ్ స్టేషన్) వాళ్ళు వేరే జిల్లాలో ఇంకో కేసులో పట్టుకున్న మనిషి. వేలిముద్రలు మా పెరటి తలుపు మీద వాటితో కలిశాయి. ఆ సాయంత్రం ఆరు పది ప్రాంతంలో పెట్రోల్ బంకు కెమెరాలో బండి కూడా కనిపించిందట. పాత ముద్దాయి, ఇళ్ళ దొంగతనాలే. మా ఊరు కాదు, మా చుట్టం కాదు, దుప్పట్లు అమ్మేవాడూ కాదు. తాళం ఎలా దొరికిందని అడిగితే బియ్యంలో చెయ్యి పెట్టానన్నాడట. హెడ్డు బాబాయ్, మీరన్న మాటే.

నానుతాడు, నాలుగు గాజులు ఒక ఫైనాన్స్ కంపెనీలో ఎవరి పేరు మీదో తాకట్టులో దొరికాయి. చంద్రహారం కరిగించేశారు, ముప్ఫై గ్రాముల ముద్దగా చూపించారు. పాప గొలుసు, డబ్బు పోయినట్టే. స్టేషన్లో గాజులు టేబుల్ మీద పెడితే అమ్మ ముందు సొట్ట వెతికింది. ఉంది.

ఇప్పుడు బంగారం చేతికి రావాలంటే కేసు తేలేదాకా ఆగాలా?

---

ప్లీడరు గారబ్బాయి | మార్చి 15, ఉదయం 8:15

అక్కర్లేదు. మేజిస్ట్రేటు కోర్టులో మధ్యంతర కస్టడీకి పిటిషన్ వెయ్యాలి. కోర్టు ఫొటోలు తీయించి, బరువు రాయించి, పూచీకత్తు మీద ఇస్తుంది. అడిగినప్పుడు తెచ్చి చూపించాలి, అమ్మకూడదు, కరిగించకూడదు. విలువైన వస్తువులు స్టేషన్లో ఏళ్ళ తరబడి మూలగబెట్టొద్దని 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తాకట్టు పెట్టుకున్న కంపెనీ కూడా నాదంటే నాదని వస్తుంది, రానివ్వండి. ఎఫ్ఐఆర్ కాపీ, పెళ్ళి ఫొటోలు, ఆ సొట్ట చాలు. ముద్ద మీద కాస్త పేచీ ఉండొచ్చు.

---

గోదారి పిల్ల | మార్చి 15, ఉదయం 9:00

సంతోషం అన్నయ్యా. మా టీచరమ్మ పుస్తెలతాడు మాత్రం ఇంకా దొరకలేదు. కట్టు విప్పేశారు.

ఒకటి అడగొచ్చా? మీ ఇంట్లో పనిచేసే ఆవిడ?

---

లంకబ్బాయి | మార్చి 15, రాత్రి 9:50

రావట్లేదు అక్కా.

దొంగ దొరికాడని తెలిసిన రోజే అమ్మ మోకాళ్ళ నొప్పితోనే వాళ్ళింటికి నడుచుకుంటూ వెళ్ళింది, అర కిలోమీటరు. ఆవిడ లోపలికి రమ్మని, కుర్చీ వేసి, టీ ఇచ్చిందట. బాగానే మాట్లాడిందట, మోకాళ్ళకి ఏ నూనె రాయాలో కూడా చెప్పిందట. పనికి రమ్మంటే మాత్రం, "మా అబ్బాయి వద్దంటున్నాడమ్మగారూ" అందట.

కొడుకు ఆటో ఇప్పుడు మా వీధిలోకి తిప్పడట. నేను ఉగాదికి వస్తున్నాను. స్టేషన్లో పేరు చెప్పింది నేను కాబట్టి వాళ్ళ గుమ్మం ముందు నిలబడాల్సింది కూడా నేనే. ఏం మాట్లాడాలో ఇంకా తెలీదు.

బియ్యం డబ్బాలో తాళం తీసేశాం.